మహారాష్ట్రలోని సిరోంచ బడి పిల్లలకు ‘సార్’ సినిమా వేయాలా, ‘సూపర్ 30’ సినిమా వేయాలా?

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కాబట్టి ముందు చూడాల్సింది భాషే.

‘సార్’ (2023) తెలుగు. ఐదో తరగతి వాళ్లూ అందుకుంటారు.
‘సూపర్ 30’ (2019) హిందీ. ఎనిమిదో తరగతి దాటినవాళ్లకే నయం.

‘సార్’లో ప్రైవేటు చదువుల వ్యాపారంపై పోరు, కొట్లాటలూ ఉన్నాయి.
‘సూపర్ 30’కి పట్నాలో పేద పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు ఆనంద్ కుమార్ జీవితం ఆధారం. కేంబ్రిడ్జిలో సీటొచ్చినా డబ్బుల్లేక ఆగిపోయిన కుర్రాడు సైకిలు మీద అప్పడాలు అమ్ముతాడు. తర్వాత అతని దగ్గర చదివే, ఇంగ్లిష్ అంటే ముడుచుకుపోయే పిల్లలే హోలీనాడు వీధిలో ఇంగ్లిష్ నాటకం ఆడతారు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటైన మన పిల్లలు ఆ ఘట్టం తప్పక చూడాలి.

రెండూ రెండు గంటలు దాటతాయి. చిన్నవాళ్లకు విశ్రాంతి దగ్గర ఆపి, మిగతాది మర్నాడు వేయండి. టీవీ శబ్దం వెనక వరుసకు చేరదు, విడిగా స్పీకరు పెట్టండి.

అమ్మానాన్నలూ కూర్చుంటే ‘సార్’. పది, పన్నెండు తరగతులకు ‘సూపర్ 30’.