.219 డొనాల్డ్‌సన్ వాస్ప్: గురికి లోటు లేదు, కేసులతోనే కష్టం

పెన్సిల్వేనియా పచ్చిక బయళ్లలో వుడ్‌చక్ (బొరియలు తవ్వే ఉడుత జాతి జంతువు) వేటకు ఎన్నో వేసవులుగా వాడుతున్న ఈ వాస్ప్ తూటా గురి గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నా బాధంతా మందునూ గుండునూ పట్టి ఉంచే దాని ఇత్తడి కేసు గురించే.

1937లో వించెస్టర్ తెచ్చిన .219 జిప్పర్ తూటా, కింది మీటను ఆడించి తూటా ఎక్కించే లీవర్ రైఫిల్ కోసం పుట్టింది. గొట్టపు మ్యాగజీన్‌లో వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు (మందుకు నిప్పంటించే అడుగు బిళ్లకు) ఆనుతుంది కనుక మొద్దు మొన గుండ్లే వాడవలసి వచ్చేది, అవి దూరం పోయేకొద్దీ వేగం కోల్పోయేవి. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హార్వీ డొనాల్డ్‌సన్ అదే కేసును కురచ చేసి, భుజాన్ని (మెడ కింద కేసు సన్నబడే చోటును) 30 డిగ్రీలకు నిటారుగా మలిచి, సూదిమొన గుండ్లకు అనువైన వాస్ప్ తూటాగా మార్చారు. రెండో ప్రపంచ యుద్ధానంతరం తొలినాళ్ల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్లపై ఆనించి గురి చూసే) పోటీల్లో దీనికి గొప్ప పేరుండేది. అయితే కంపెనీలు కాక ఔత్సాహికులు రూపొందించిన తూటా, అంటే వైల్డ్‌క్యాట్ కావడం వల్ల దీనికి కంపెనీ ప్రమాణమంటూ లేదు. ఒక్కో గన్‌స్మిత్ తన రీమర్ (తొలిచే పనిముట్టు) కొలతకే చాంబర్‌ను, అంటే తూటా కూర్చునే గదిని తొలిచారు.

ఆ లోటు ఎంతటిదో నాకు ఒక విక్రేత దగ్గర తెలిసింది. .30-30 కేసులను నొక్కి, కత్తిరించి సిద్ధం చేసినవంటూ ఆయన అమ్మిన సంచిలో సగం కేసులు గుండు ఎక్కించాక నా హైవాల్ రైఫిల్‌లో పట్టలేదు. అది ఒక్కో తూటానే ఎక్కించే సింగిల్ షాట్ రైఫిల్; ఫాలింగ్ బ్లాక్ అనే దిమ్మ పైకి లేచి చాంబర్‌ను మూస్తుంది. రిమ్ (కేసు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు) గోరుమందం బయటే నిలిచిపోయింది. ముందుకు తోసి బిగించే బోల్ట్‌లా తూటాను బలంగా లోపలికి నెట్టే శక్తి ఫాలింగ్ బ్లాక్‌కు లేదు కనుక అది పైకి లేవనే లేదు. మైక్రోమీటర్ పెట్టి చూస్తే మెడ గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పలుచగా ఉంది. పట్టినవాటిలో కొన్ని మొదటి కాల్పుకే మెడ దగ్గర నిలువునా చీలాయి. అంతగా నొక్కిన ఇత్తడిని వేడిచేసి మెత్తబరచనే లేదు. లోపం నా చాంబర్‌దేనని విక్రేత వాదిస్తే, కాదని చూపడానికి ప్రామాణిక కొలత ఏదీ లేకపోయింది.

కాల్చిన కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గట్టిగా పట్టుకునేలా చేసే రిమ్‌ను నేను మిత్రుల దగ్గర చాలా మెచ్చుకున్నాను. ఆ మెప్పు సింగిల్ షాట్ రైఫిళ్ల వరకే. బోల్ట్ రైఫిల్ మ్యాగజీన్‌లో ఆ రిమ్‌లే ఒకదానికొకటి తట్టుకుంటాయి. 1950లో రిమ్ లేని .222 రెమింగ్టన్ ఫ్యాక్టరీ తూటాలతో, మోడల్ 722 రైఫిల్‌తో వచ్చాక పోటీదారులు అటు మళ్లడం న్యాయమే.

కేసు మెడలను స్వయంగా లోపలి నుంచి తొలిచి సరిచేసుకునే పనిముట్లు, తీరిక ఉన్నాయి కనుక నేను దీన్ని వదులుకోను. అవి లేనివారికి .222 మేలు. అయినా పాత వాస్ప్ రైఫిల్ కొనదలిస్తే, అందులోనే కాల్చిన కేసులు కొన్నింటిని, చాంబర్ లోపలి ఆకారం చూపే పోత అచ్చును అడిగి తీసుకున్నాకే బేరం కుదుర్చుకోండి.