గ్రీకు దీవుల ఓడలు: ఆరేళ్ళుగా ఎక్కుతున్నవాడి మాట

ఏథెన్స్‌కు ఉద్యోగం మీద వచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడ సెలవంటే దీవి, దీవంటే ఓడ. ఏడాదిలో ఆరేడు సార్లయినా ఎక్కుతాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా వెంటబెట్టుకుని తిప్పేది నేనే. అందరూ అడిగేది ఒకటే, సాంటోరినికి తొందరగా వెళ్ళేది ఏది అని. తొందరగా వెళ్ళేది ఎక్కొద్దనే చెబుతాను.

ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి సాంటోరినికి బ్లూ స్టార్ కంపెనీది లాంటి పెద్ద ఓడలో దాదాపు ఎనిమిది గంటలు, హైస్పీడ్ కాటమరాన్‌లో (జంట పొట్టల తేలిక ఓడ) ఐదు చిల్లర. ఆ రెండు మూడు గంటల కోసం చాలాసార్లు రెట్టింపు దాకా డబ్బు పెట్టాలి. పెట్టి అద్దాల వెనక కూర్చోవాలి. చాలావాటిలో బయట నిలబడే చోటే ఉండదు. అల లేస్తే సిబ్బంది వాంతి సంచులు పంచుతూ వస్తారు. ఒకరు మొదలుపెడితే వరసంతా అందుకుంటుంది. పెద్ద ఓడ అదే అల మీద మెల్లగా ఊగుతుందంతే.

అసలు సమస్య గాలి. జూలై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, ఓడలు మాత్రం కట్టేసి ఉంటాయి. గాలి హద్దు దాటితే కోస్ట్‌గార్డ్ ఓడలను కదలనివ్వదు. దాన్ని ఇక్కడ ‘అపగోరెఫ్తికో’ అంటారు. ముందు ఆగేవి హైస్పీడ్‌లే. రెండేళ్ళ కిందట మా తమ్ముడి కుటుంబం వచ్చినప్పుడు, సాంటోరినిలో బయల్దేరాల్సిన ముందు రాత్రి ఫోనుకు మెసేజ్ వచ్చింది, రేపటి ఓడ లేదని. కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే పాట తప్ప మనిషి రాలేదు. పెద్ద ఓడలు తిరుగుతూనే ఉన్నాయి కానీ టికెట్లు అయిపోయాయి. మర్నాడు రాత్రి ఓడకు నాలుగు సీట్లు దొరికేసరికి వాళ్ళ విమానం వెళ్ళిపోయింది. ఓడ టికెట్ డబ్బు తిరిగిచ్చారు, విమానం డబ్బు ఎవరిస్తారు? అప్పటినుంచి విమానానికి ఒక రోజు ముందే ఏథెన్స్ చేరుకుంటున్నాను.

పిరేయస్ చాలా పెద్ద రేవు. గేట్లకు ఈ-1, ఈ-2 అని నంబర్లుంటాయి. సాంటోరిని దారిలోని పారోస్, నాక్సోస్ దీవుల వైపు వెళ్ళే ఓడలు ఎక్కువగా మెట్రో స్టేషన్ ఎదురుగా ఈ-7 దగ్గర ఉంటాయి. రోడ్స్ దీవి వైపు వెళ్ళేవి ఈ-1లో. అది నడిచే దూరం కాదు, రేవు లోపల ఉచిత బస్సు ఉంది. పొద్దున ఏడున్నర ఓడకు ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రోను నమ్ముకోవద్దు, మొదటి రైలు ఎక్కినా రేవు చేరేసరికి ఓడ అందుతుందన్న భరోసా లేదు. రాత్రంతా తిరిగే ఎక్స్96 బస్సే దిక్కు. ఇంకొకటి, సాంటోరిని టికెట్ మీద ‘థీరా’ అని ఉంటే కంగారు పడకండి, రెండూ ఒకటే.

మామూలు డెక్ టికెట్ చాలు. నంబరు సీట్ల హాల్లో ఏసీకి ఆగస్టులో కూడా శాలువా కావాలి. పొద్దుటి ఓడలో, ముందుకు చూస్తే కుడి చేతివైపు బయట బెంచీ పట్టుకోండి. ఎండా గాలీ రెండూ ఎడమవైపే కొడతాయి. ఓ ఫ్రెడ్డో (ఐసు వేసిన కాఫీ), చీజ్ కూరిన పఫ్ ఒకటి కొనుక్కుంటే పారోస్ దాకా గడిచిపోతుంది. శాకాహారులు మాత్రం పులిహోర కట్టుకెళ్ళడం మేలు. మా అమ్మ డెక్ మీద డబ్బా విప్పితే పక్క బెంచీ గ్రీకు ముసలావిడ రుచి చూసి ఇంకో ముద్ద అడిగింది.

నాకు బాగా ఇష్టమైనది దిగే ముందు పది నిమిషాలు. నాక్సోస్ వాళ్ళు రావాలని మైకులో పిలవగానే అందరం మెట్లు దిగి అడుగున గ్యారేజీలోకి చేరతాం. అక్కడ డీజిల్ వాసన, స్టార్ట్ చేసిన లారీల రొద. ఒక్కో దీవి పేరు రాసిన అరల్లోంచి ఎవరి సూట్‌కేసు వాళ్ళు లాక్కుంటారు. ఎక్కేటప్పుడు పారోస్ అరలో పడేస్తే ఇక్కడ వెతుకులాటే. ఓడ లంగరు వదిలి వెనక్కి తిరుగుతుంది, గొలుసు గరగర కాళ్ళకింద ఇనుములో తెలుస్తుంది. వెనక తలుపు ఇంకా పూర్తిగా వాలకముందే సందులోంచి వెలుగు పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు గుర్తొచ్చింది, అదే ఏడంతస్తులు కట్టినట్టు. తలుపు నేలకు తాకీ తాకకముందే సిబ్బంది ‘పామే, పామే’ అని తోలుతారు, పదండి పదండి అని. ఓడ ఆగేది కొద్ది నిమిషాలే. పిల్లల చెయ్యి, సామాను రెండూ అప్పటికే పట్టుకుని ఉండాలి. బయట పడి తలెత్తితే రేవు పక్కన రెండున్నర వేల ఏళ్ళ నాటి పాలరాతి ద్వారం, పోర్తారా. కట్టడం పూర్తికాని అపోలో గుడిలో అదొక్కటే మిగిలింది.

ఒక్క రోజే ఉన్నవాళ్ళు ఇంత దూరం పోనక్కర్లేదు. పిరేయస్‌కు దగ్గరి దీవి ఏజినాకు మామూలు ఓడలో గంటంపావు. రేవు ఒడ్డునే పిస్తా అమ్మే బడ్డీలుంటాయి. ఉప్పు వేసినవి అరకిలో కొనండి, తిరుగు ఓడ ఎక్కేలోపు సగం అయిపోతాయి.