ట్రయంఫ్ జీటీ6లో ఆరు సిలిండర్ల ఇంజిన్ తీసి మాజ్డా 1.8 పెడితే: చాలాకాలం వాడాక సమీక్ష

ట్రయంఫ్ జీటీ6 (1966-73) ముక్కు బరువైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. అదే కంపెనీ చిన్న కారు స్పిట్‌ఫైర్ కోసం తయారైన చాసిస్ మీద 1998 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ కూర్చోబెట్టారు. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే, పైగా పొడవైన ఇంజిన్. దాని స్థానంలో మాజ్డా వాళ్ల స్పోర్ట్స్ కారు ఎంఎక్స్-5 మొదటి తరం నుంచి తీసిన 1839 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, దాని అయిదు గేర్ల గేర్‌బాక్స్ పెట్టి రోజువారీగా నడిపాక తేలిన సంగతులివి.

ముందు తీర్పు. ఈ మార్పు వల్ల వచ్చే అసలు లాభం హార్స్‌పవర్ కాదు. 95 నుంచి 104 దాకా ఉన్నది సుమారు 130 అవుతుంది, నిజమే. కానీ బండి స్వభావం మారేది ముందు చక్రాల మీద బరువు తగ్గడం వల్ల, అయిదో గేర్ రావడం వల్ల. మలుపులో స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది. పోయేది కింది ఆర్‌పీఎంలో లాగే బలం. పాత ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గరే 159 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. మాజ్డా 149 ఇస్తుంది, అదీ 5000 దగ్గర. టాప్ గేర్‌లో వదిలేసి సాఫీగా పోవడం ఇష్టమైన వాళ్లకు ఇది నచ్చదు. వాళ్లు పాత ఇంజిన్‌నే బాగు చేయించుకోవడం మేలు. ఆ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్‌ను ముందూ వెనకా కదలకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగి కిందికి జారిపోయి, బ్లాకు కూడా పాడైన బండి ఈ పనికి సరైనది. మంచి కండిషన్‌లో ఉన్న అసలు ఇంజిన్‌ను ఇందుకోసం పీకడం నాకు సమ్మతం కాదు.

డిఫరెన్షియల్ (వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) నిష్పత్తి ముందే తేల్చుకోవాలి. ఎంఎక్స్-5 గేర్ల నిష్పత్తులు 3.136, 1.888, 1.330, 1.000, 0.814. జీటీ6 155/80 ఆర్13 టైరూ, ఎంఎక్స్-5 185/60 ఆర్14 టైరూ ఎత్తులో దాదాపు సమానం, రెండూ 578 మి.మీ. దగ్గరే. కాబట్టి లెక్క సులువు. 3.27 డిఫరెన్షియల్‌తో అయిదో గేర్‌లో గంటకు 100 కి.మీ. వేగం దగ్గర ఇంజిన్ 2500 ఆర్‌పీఎం చుట్టూ తిరుగుతుంది, 3.89తో 3000. మాజ్డా సొంత బండిలో 4.1తో ఇది 3150 దాకా ఉంటుంది. హైవేకి 3.27 హాయిగా ఉంటుంది గానీ చిన్నపాటి ఎత్తు వచ్చినా నాలుగుకి దించాలి. ఊళ్లోనూ ఘాట్‌లోనూ నడిపే బండికి 3.89 పెట్టండి. ఈ ఇంజిన్‌కు పికప్ అప్పుడే తెలుస్తుంది.

బిగింపులో అందరినీ ఇబ్బంది పెట్టేది గేర్‌బాక్స్ మౌంటింగ్. ఎంఎక్స్-5 గేర్‌బాక్స్‌కు సొంత వెనక మౌంటింగే లేదు. గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా పోయే అల్యూమినియం ఫ్రేమే దాన్ని పట్టుకుంటుంది. జీటీ6లో ఆ ఫ్రేమ్ పట్టదు. ఫ్రేమ్ బోల్టులు పట్టే చెవులకే ఒక ఉక్కు బ్రాకెట్ చేయించి, దాని కింద రబ్బరు మౌంటింగ్ పెట్టి, చాసిస్‌కు అడ్డంగా బోల్టులతో బిగించే పట్టీ మీద నిలపాలి. రబ్బరు లేకుండా నేరుగా బిగిస్తే ఇంజిన్ తన ముందు రబ్బర్ల మీద ఊగిన ప్రతిసారీ ఆ బరువంతా చెవుల మీద పడుతుంది, కొన్నాళ్లకు అల్యూమినియం చిట్లుతుంది. ఇంజిన్ కోణం, డిఫరెన్షియల్ పినియన్ కోణం సమాంతరంగా ఉండాలి, ఒక్కో క్రాస్ జాయింట్ దగ్గర కోణం 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉండాలి. గేర్‌బాక్స్‌ను డిఫరెన్షియల్‌తో కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ముందు మాజ్డా యోక్, వెనక ట్రయంఫ్ ఫ్లాంజ్ పెట్టి, కొలతకు కోయించి, తప్పకుండా బ్యాలెన్స్ చేయించాలి.

సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) చాసిస్ క్రాస్ మెంబర్‌కూ స్టీరింగ్ ర్యాక్‌కూ తగలకుండా కోసి మళ్లీ వెల్డింగ్ చేయించాల్సి వస్తుంది. ఆయిల్ పికప్ పైపుకూ సంప్ అడుగుకూ మధ్య 8-10 మి.మీ. ఖాళీ ఉండాలి. మెత్తటి మట్టి ముద్ద పెట్టి సంప్ బిగించి, విప్పి, ఆ ముద్ద మందం కొలిస్తే కచ్చితంగా తెలుస్తుంది. లోపల అడ్డు రేకులు లేకపోతే మలుపుల్లో ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది.

ఇప్పుడు కూలింగ్. దీని మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు. ఈ ఇంజిన్ కుటుంబం మొదట అడ్డంగా బిగించే కార్ల కోసం తయారైంది. ఎంఎక్స్-5లో నిలువుగా పెట్టినప్పుడు, వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను హెడ్డు ముందుకు తెచ్చారు. దాంతో నీళ్లు ముందు నుంచే లోపలికి వచ్చి ముందు నుంచే బయటికి పోతాయి, నాలుగో సిలిండర్ మిగతావాటికన్నా వేడిగా నడుస్తుంది. థర్మోస్టాట్‌ను హెడ్డు వెనక్కి మార్చి, అక్కణ్నుంచి రేడియేటర్ పైభాగానికి హోస్ పైపు లాగడమే మందు. ముందున్న పాత దారిని ప్లేటుతో మూసేయాలి. ఇదంతా ఇంజిన్ బయట ఉన్నప్పుడే అయిపోవాలి, ఎందుకంటే లోపల కూర్చున్నాక వెనక గోడకూ హెడ్డుకూ మధ్య స్పానర్ తిరగదు. ఇగ్నిషన్ కాయిల్ ప్యాక్ కూడా ఆ వెనకే ఉంటుంది. దాన్ని పక్కకు మారిస్తే ఇంజిన్‌ను మరికాస్త వెనక్కి జరపొచ్చు. జరిపిన ప్రతి అంగుళానికీ స్టీరింగ్‌లో తేడా తెలుస్తుంది.

పెట్రోలు విషయం. కార్బురేటర్‌కు 0.2 బార్ ప్రెజర్ చాలు, ఇంజెక్షన్‌కు 3 బార్ కావాలి. పాత ట్యాంకులో అడ్డు రేకులుండవు, రిటర్న్ లైనూ ఉండదు. సగం ట్యాంకుతో మలుపు తిరిగితే పంపు గాలి పీలుస్తుంది. అందుకే తక్కువ ప్రెజర్ పంపు నింపే లీటరు, లీటరున్నర చిన్న పాత్ర ఒకటి, దాని నుంచి లాగే ఎక్కువ ప్రెజర్ పంపు ఒకటి పెట్టాలి, రిటర్న్ ఆ పాత్రలోకే పోవాలి. ట్యాంకు తుప్పు ఇంజెక్టర్లను చంపుతుంది కనుక పంపుకు ముందూ తరవాతా ఫిల్టర్లు పెట్టండి. హోస్ పైపు ఇంజెక్షన్ ప్రెజర్‌కు తట్టుకునేదే కావాలి, క్లిప్పులు కూడా ఆ రకమే.

వైరింగ్‌లో ఒక్క మాట. మౌంటింగులన్నీ రబ్బరువే కనుక ఇంజిన్ నుంచి చాసిస్‌కు మందపాటి ఎర్త్ పట్టీ లేకపోతే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలి బిగుసుకుపోతుంది.

వాడకంలో పాడయ్యేవి చూస్తే ఇంజిన్‌తో ఇబ్బందులు చాలా తక్కువ. చలి ఉదయాల్లో ఆయిల్ ప్రెజర్‌తో వాల్వుల ఖాళీని సర్దే హైడ్రాలిక్ లిఫ్టర్లు కాసేపు టకటకమంటాయి, ఆయిల్ సకాలంలో మారిస్తే అది తగ్గుతుంది. పని పెరిగేది పాత భాగాలకే. జీటీ6 మార్క్ 2 నుంచి వెనక యాక్సిల్ షాఫ్టుల్లో వచ్చిన రోటోఫ్లెక్స్ రబ్బరు కప్లింగులు త్వరగా పగులుతాయి, ప్రతి సర్వీసులో టార్చి వేసి చూడాలి. పాత ముందు స్ప్రింగులే ఉంచితే ముక్కు పైకి లేచి నిలబడుతుంది, చక్రాల కోణాలు చెడి టైరు ఒకవైపే అరుగుతుంది. కొత్త బరువుకు తగిన స్ప్రింగులు వేసి, తరవాతే అలైన్‌మెంట్ చేయించండి.

ఇంజిన్ కొనేటప్పుడు, 1.8 దొరక్క 1.6 తీసుకుంటే, క్రాంక్ పుల్లీ వెనకున్న బాస్ మీద గాడులు లెక్కపెట్టండి. నాలుగుంటే తొలినాళ్ల పొట్టి ముక్కు క్రాంక్. దాని కీ గాడి అరిగి టైమింగ్ తప్పుతుంది, వదిలేయండి. ఎనిమిదుంటే భయం లేదు. టైమింగ్ బెల్టు మార్చాల్సింది 96,000 కి.మీ.కి ఒకసారి. ఈ తరంలో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్‌కు తగలవు. అయినా సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ మీద బెల్టు, వాటర్ పంపు, క్రాంక్ ముందు సీలూ వెనక సీలూ, క్లచ్ ప్లేట్ బండిలోకి దించకముందే కొత్తవి వేయాలి.