వైజాగ్‌లో ఒక్కరోజే ఉంటే: కురుసురానా, కైలాసగిరా?

ఒడిశాలోని బరంపురం నుంచి పొద్దున్నే రైలెక్కి వైజాగ్ చూసి రాత్రికి తిరిగొచ్చేయాలనుకునే మనవాళ్లకు రెండూ కుదరకపోతే, నా ఓటు కురుసురకే. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన ఈ జలాంతర్గామి 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియం. లోపల గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచుకుని దూరాలి, అటూ ఇటూ పైపులు, మీటర్లు, మనిషి సరిగ్గా పొర్లడానికి కూడా చోటులేని బెర్తులు. ఇందులో రోజుల తరబడి ఎలా ఉన్నార్రా బాబూ అనిపిస్తుంది. సోమవారం సెలవు, చూసుకుని బయల్దేరండి.

కైలాసగిరిలో రోప్‌వే, టాయ్ ట్రైన్, తెల్లటి శివపార్వతులు, కింద వంపు తిరిగిన తీరం, అన్నీ బాగానే ఉంటాయి. కానీ మన బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ సముద్రం, తారాతారిణి కొండ రోప్‌వే చూసిన కళ్లకు మరీ కొత్తేం కాదు. చిన్నపిల్లలుంటే మాత్రం కొండకే వెళ్లండి, అదీ ఎండ తగ్గాక.