కార్వెట్‌కి "రీబిల్ట్" వెనక బ్రేకు కాలిపర్లు కొంటున్నారా? బిగించే ముందు విప్పి చూడండి

పాత షెవర్లే కార్వెట్ (అమెరికన్ స్పోర్ట్స్ కారు) ఉన్నవాళ్లూ, కొనాలని చూస్తున్నవాళ్లూ దయచేసి ఇది చదవండి. కాలిపర్ అంటే చక్రంతో తిరిగే డిస్కుని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి ఆపే బ్రేకు భాగం, దీన్ని రెండు సగాలుగా చేసి బోల్టులతో కలుపుతారు. "స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవులు వేసి, కొత్త సీళ్లతో రీబిల్డ్ చేసిన వెనక కాలిపర్లు" అంటూ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే జతల్ని పెట్టెలోంచి తీసి నేరుగా బండికి బిగించకండి. నేను కొన్న జతలో ఎడమ కాలిపర్‌కి ఒక సగంలో స్లీవులున్నాయి, రెండో సగంలో అసలు లేవు. బయట నుంచి చూస్తే మాత్రం రెండు సగాలకూ ఒకే వెండి రంగు పెయింటు, ఏ తేడా కనపడదు.

నా బండి 1974 మోడల్. ఉండేది హ్యూస్టన్‌లో. ఇక్కడ గాల్లో తేమ ఎంతుంటుందో ఈ ఊళ్లో ఉన్న మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ఈ కాలిపర్లకి అదే శత్రువు. 1965లో నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు వచ్చినప్పటి నుంచి 1982 దాకా కార్వెట్‌లో వాడింది దాదాపు ఒకే డిజైన్. డెల్కో మొరెయిన్ తయారీ. ఒక్కో కాలిపర్‌లో నాలుగు పిస్టన్లు, బండి మొత్తానికి 16. ముందు వాటి వ్యాసం 1 7/8 అంగుళాలు, వెనక వాటిది 1 3/8. అప్పటి అమెరికన్ కారుకి ఇది చాలా గొప్ప ఏర్పాటు, ఇప్పటికీ బాగా ఆపుతాయి కూడా. కాకపోతే కాలిపర్ పోత ఇనుముతో చేసింది. డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి గ్యారేజీలో కదలకుండా ఉంటే పిస్టన్ కదిలే గుండ్రటి రంధ్రం, అంటే బోర్, గోడకి తుప్పు పట్టి సన్నటి గుంతలు పడతాయి. సీల్ అంచు ఆ గుంత మీదికి వచ్చిందా, లీకు మొదలైనట్టే. పైపైన హోన్ (బోర్ లోపల రుద్ది నునుపు చేసే పనిముట్టు) తిప్పితే తుప్పు రంగు పోతుంది కానీ గుంత పోదు. అందుకే బోర్‌ని కాస్త పెద్దది చేసి, అందులో స్టెయిన్‌లెస్ స్లీవు, అంటే పలుచటి గొట్టం, నొక్కి కూర్చోబెట్టడం ఈ కార్లకి ఎప్పట్నుంచో ఉన్న వైద్యం. అది మెషిన్ షాపు పని, టైమ్ పడుతుంది, డబ్బూ అవుతుంది. చవకగా అమ్మేవాడు ఎగ్గొట్టేది సరిగ్గా ఆ పనినే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మినవాడు మొదట దీని చాటునే దాక్కున్నాడు. ఈ పిస్టన్లకి ఫ్యాక్టరీ వేసింది అంచు సీలు, అంటే లిప్ సీల్. సైకిల్ పంపులో తోలు వాషర్ ఎలా పని చేస్తుందో ఇదీ అంతే: నొక్కినప్పుడు అంచు విచ్చుకుని గోడని పట్టుకుంటుంది, వెనక్కి లాగినప్పుడు పక్క నుంచి గాలిని రానిస్తుంది. పిస్టన్ల వెనక స్ప్రింగులు ప్యాడ్లని ఎప్పుడూ డిస్కుకి ఆనించి ఉంచుతాయి. డిస్కు కొంచెం వంకరగా తిరిగితే పిస్టన్లు లోపలికీ బయటికీ ఊగి, చుక్క ఫ్లూయిడ్ కారకుండానే లోపలికి గాలి పీలుస్తాయి. పెడల్ మెత్తబడుతుంది. అంగుళంలో వెయ్యో వంతుని థౌ అంటారు కదా, ఈ వంకర ఐదు థౌ దాటితే బ్రేకుల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఫ్యాక్టరీలో వెనక డిస్కుని స్పిండిల్‌కి (చక్రం తిరిగే ఇరుసుకి) రివెట్లు కొట్టి, రెండూ కలిపి లేత్ మీద తిప్పి సరిచేసేవాళ్లు. తర్వాత ఎవరో రివెట్లు తీసేసి కొత్త డిస్కు వేస్తే ఆ పొంతన పోతుంది, మళ్లీ కొలిచి సరిచేసుకోవాలి.

ఇప్పుడు జరిగింది. జత వచ్చింది, బిగించాను, బ్రేకు పైపుల్లోంచి గాలి తీశాను. పెడల్ గట్టిగానే ఉంది. కాలనీలో నెమ్మదిగా తిప్పి చూశాను, బాగానే ఆగింది. తర్వాతి వారాంతం బండి తీద్దామని చూస్తే పెడల్ సగానికి పైగా కిందికి పోయింది, డ్యాష్‌బోర్డులో బ్రేక్ లైటు వెలిగింది, ఎడమ వెనక టైరు లోపలి గోడ తడిగా ఉంది. ఈ మోడల్లో ముందు బ్రేకులకీ వెనక బ్రేకులకీ మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ని పైపుల్లోకి నెట్టే భాగంలో) వేర్వేరు గదులు. వెనకది ఖాళీ అయినా ముందువి పని చేస్తాయి. అందుకే ఇంటి డ్రైవ్‌వేలోనే విషయం తేలిపోయింది. అదే హైవే మీదైతే? నాకు ఇప్పటికీ ఆలోచిస్తే టెన్షనే.

అమ్మినవాడికి ఫొటోలు పంపితే మొదటి జవాబు: "మీ డిస్కు వంకర ఉండి ఉంటుంది." సరే, డయల్ గేజ్ (సన్నటి వంకరల్ని చూపే కొలత పరికరం) పెట్టి కొలిచి వీడియో తీసి పంపాను. రెండు వైపులా రెండు థౌ లోపే. పైగా డిస్కు వంకర వల్ల గాలి లోపలికి వస్తుంది కానీ ఫ్లూయిడ్ టైరు మీదికి ధారగా రాదు. దానికి జవాబు లేదు. రెండో మాట: "తప్పు రకం ఫ్లూయిడ్ వాడారు." సీసా మీద డాట్ 3 అని ఉన్న ఫొటో పంపాను. ఆ తర్వాత మెయిళ్లకి జవాబు రావడం మానేసింది.

అప్పుడు విప్పాను. ఎడమ కాలిపర్ బయటి సగంలో స్లీవులు శుభ్రంగా ఉన్నాయి. లోపలి సగంలో వట్టి పోత ఇనుము, దాని మీద హోన్ గీతలు, గీతల మధ్య నల్లటి గుంతలు. రెండు వేర్వేరు పాత కాలిపర్ల సగాలు తెచ్చి కలిపి పెయింటు కొట్టినట్టున్నారు. రెండు సగాల మధ్య ఫ్లూయిడ్ దారి దగ్గర ఉండే చిన్న ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) పాతదే, అణిగి చదునైపోయింది. అన్నిటికంటే నాకు మండింది సీళ్లకి పూసిన గ్రీజు చూసి. మామూలు పెట్రోలియం గ్రీజు! బ్రేక్ సీళ్లు ఈపీడీఎమ్ రబ్బరువి. ఆ రబ్బరుకి పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, మామూలు గ్రీజు ఏది తగిలినా ఉబ్బిపోతుంది. కుడి వైపు సీళ్లు అప్పటికే ఉబ్బి, చేత్తో పట్టుకుంటే మెత్తగా, జారుడుగా ఉన్నాయి. అవి ఇంకా లీకు కాలేదు, అంతే.

మళ్లీ రాస్తే వచ్చిన జవాబు మీరు ఊహించే ఉంటారు: విప్పారు కాబట్టి వారంటీ లేదు. కోర్ డిపాజిట్ సంగతి ఇంకో కథ. కోర్ అంటే మనం తిరిగి ఇవ్వాల్సిన పాత భాగం, అది చేరేదాకా అమ్మేవాడు పట్టుకునే డబ్బే ఆ డిపాజిట్. పాత కాలిపర్లు ముందుగా పంపితే డిపాజిట్ వెనక్కి ఇస్తామన్నారు. పంపాను. అవి నా బండితో పాటు వచ్చిన అసలు పోతలు. "పగుళ్లున్నాయి, పనికిరావు" అని డిపాజిట్ ఆపేశారు. పనికిరాకపోతే నావి నాకు పంపండి అంటే "పారేశాం" అన్నారు. యాభై ఏళ్ల నాటి అసలు భాగాలకి ఎంత గిరాకీ ఉందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి తెలియదా?

అందుకని కొనేవాళ్లకి నా మాట. డబ్బు కట్టే ముందే "వచ్చాక విప్పి చూస్తాను, వారంటీ ఉంటుందా?" అని రాతలో అడగండి. తటపటాయిస్తే వదిలేయండి. స్లీవు ఉందో లేదో అయస్కాంతంతో తేల్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, స్లీవు పలుచన, వెనకున్న పోత ఇనుము అయస్కాంతాన్ని ఎలాగూ లాగుతుంది. ఒక పిస్టన్ తీసి బోర్ అంచు చూడండి. స్లీవు ఉంటే దాని చుట్టూ సన్నటి గుండ్రటి గీత, రెండు లోహాల రంగు తేడా స్పష్టంగా కనిపిస్తాయి. నాలుగు బోర్లూ చూడాలి, ఒక్కటి చూసి ఊరుకోవద్దు. పెయింటు మరీ దట్టంగా ఉంటే, ముఖ్యంగా బ్లీడర్ (గాలి తీసేందుకు విప్పే చిన్న మర) లోకి, సగాలు కలిసే అతుకులోకి పాకి ఉంటే, అనుమానించాల్సిందే. అసలు పోతలైతే కోర్ కింద పంపకండి. డిపాజిట్ పోతే పోయింది, అవి మీ దగ్గరే ఉంచుకోండి. పంపక తప్పకపోతే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, మీదొక గుర్తు గీసి పంపండి.

తర్వాత నేను స్వాప్ మీట్‌లో (పాత కార్ల భాగాలు అమ్ముకునే సంతలో) వట్టి కాలిపర్లు కొని, స్లీవులు మెషిన్ షాపులో వేయించి, మిగతా బిగింపు ఇంట్లోనే చేసుకున్నాను. ఓపిక, శుభ్రత ఉంటే ఇది ఇంట్లో చేసుకోగల పనే. స్లీవులు నొక్కడం మాత్రం ఇంట్లో వద్దు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదకండి, తడిపి తుడవండి. పైపు నట్లకి నట్టుని దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ స్పానరే వాడండి, మామూలు స్పానర్ పెడితే మూలలు అరిగిపోతాయి. బిగుసుకున్న పిస్టన్లని గాలితో బయటికి నెట్టేటప్పుడు మధ్యలో చెక్క ముక్క పెట్టండి, వేళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు, ఎగిరొచ్చే పిస్టన్ వేలిని నలిపేస్తుంది. సీళ్లకి తాజా బ్రేక్ ఫ్లూయిడ్ గానీ, బ్రేకుల కోసమే అమ్మే అసెంబ్లీ లూబ్ గానీ తప్ప ఇంకేమీ పూయకండి. సీల్ అంచు ఫ్లూయిడ్ వైపు, అంటే బోర్ అడుగు వైపు చూడాలి. పిస్టన్ నొక్కేటప్పుడు అంచు మడత పడకుండా పలుచటి మొద్దు రేకుతో చుట్టూ సర్దుకుంటూ పోవాలి, తొందరపడితే అక్కడే తెగుతుంది. సగాలు కలిపే బోల్టులు టార్క్ రెంచ్‌తో, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో చెప్పిన లెక్కకే బిగించండి. వెనక కాలిపర్‌కి బ్లీడర్లు రెండుంటాయి, లోపలొకటి బయటొకటి. చాలామంది ఒకటే విప్పి గాలి తీసి, పెడల్ మెత్తగా ఉందని తల పట్టుకుంటారు. ఎడమది కుడికి బిగిస్తే బ్లీడర్లు కిందికి వస్తాయి, ఎంత తీసినా గాలి పైనే ఉండిపోతుంది. ఫ్లూయిడ్ ఒలికితే వెంటనే నీళ్లు పోయండి, పెయింటుని తినేస్తుంది.

బండి ఎక్కువగా నిలిపి ఉంచేవాళ్లు లిప్ సీళ్లకి బదులు ఓ-రింగు పిస్టన్లు వేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. డిస్కు చిన్నపాటి వంకర వాటిని అంతగా ఇబ్బంది పెట్టదు. ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉండాలని పట్టుబట్టేవాళ్లు ఒప్పుకోరు, వాళ్లిష్టం.

డబ్బు సంగతి అడిగేవాళ్లకి: క్రెడిట్ కార్డుతో కొన్నవాళ్లు, చెప్పినట్టు లేని సరుకు మీద స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు, ఫెడరల్ చట్టం ఆ హక్కు ఇస్తుంది. డెబిట్ కార్డుకి ఆ చట్టం వర్తించదు, కాబట్టి ఇలాంటివి కొనేటప్పుడు డెబిట్ వాడకండి. బ్యాంకుకి రాసిన నా అభ్యంతరానికి విప్పిన బోర్ల ఫొటోలు, డయల్ గేజ్ వీడియో, అమ్మకం ప్రకటన స్క్రీన్‌షాట్ జత చేశాను. ప్రకటనని వాళ్లు తర్వాత మార్చేశారు, స్క్రీన్‌షాట్ లేకపోతే నా మాట నిలిచేది కాదు. బ్రేకు భాగాల లోపాల మీద ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి (అమెరికా రోడ్డు భద్రతా సంస్థకి) కూడా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, చేశాను. కాలిపర్ల డబ్బు తాత్కాలికంగా తిరిగి ఖాతాలో పడింది, కోర్ డిపాజిట్ మీద ఇంకా నడుస్తోంది. అది తేలేదాకా అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయను. ఇలాంటి జత ఎవరైనా ఈ మధ్య కొని ఇంకా బిగించకుండా ఉంటే ఫొటోలు పెట్టండి, నావాటితో పోల్చి చూసి చెబుతాను.