కెనెసా మౌంటెన్ వెళ్తే కొండెక్కి దిగి వచ్చేయకండి, చీతమ్ హిల్ కూడా చూడండి

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో కెనెసా మౌంటెన్ వెళ్ళని వాళ్ళు తక్కువే. కానీ ఎవర్నడిగినా చెప్పేది ఒకటే, కొండెక్కాం, పైనుంచి అట్లాంటా బిల్డింగులు, స్టోన్ మౌంటెన్ కనిపించాయి, ఫొటోలు దిగి వచ్చేశాం అని. అదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ అది అమెరికా సివిల్ వార్ జరిగిన నేల, 1864 జూన్ 27న ఒక్క పొద్దుటి పూట వేలమంది పడిపోయిన చోటు, ఆ సంగతి మనసుకి తగిలేది కొండ మీద కాదు, అక్కణ్ణుంచి దక్షిణంగా కొన్ని మైళ్ళు డ్రైవ్ చేస్తే వచ్చే చీతమ్ హిల్ దగ్గర.

మేం షార్లెట్ నుంచి వెళ్ళాం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న కూడా ఉన్నారు. ముందు విజిటర్ సెంటర్‌కే వెళ్ళండి. కారుకి రోజుకి 5 డాలర్లు తీసుకున్నారు, నేషనల్ పార్క్స్ యాన్యువల్ పాస్ ఉంటే అది చూపిస్తే చాలు. మ్యూజియం చిన్నదే గానీ అక్కడ వేసే సినిమా మాత్రం వదలొద్దు. ఉత్తరాది యూనియన్ సైన్యం జనరల్ షెర్మన్ చాటనూగా నుంచి రైలు మార్గం పట్టుకుని అట్లాంటా మీదకి ఎలా వచ్చాడు, దక్షిణాది కాన్ఫెడరేట్ జనరల్ జాన్‌స్టన్ ఈ కొండల వరసలో కందకాలు తవ్వుకుని ఎలా అడ్డం కూర్చున్నాడు అన్నది తెలిస్తేనే మిగతా పార్క్ అంతా అర్థమవుతుంది. అప్పటిదాకా పక్కనుంచి చుట్టుకుని వచ్చిన షెర్మన్ ఇక్కడ మాత్రం నేరుగా ఢీకొట్టాడు, దాదాపు 3,000 మందిని పోగొట్టుకున్నాడు, అవతలివైపు నష్టం వెయ్యి లోపే. వీకెండ్స్‌లో కొండపైకి సొంత కార్లు వెళ్ళనివ్వరు, షటిల్ బస్ ఎక్కాలి. పెద్దవాళ్ళుంటే అదే మంచిది.

ఇక చీతమ్ హిల్. డాలస్ హైవే మీదనుంచి లోపలికి రోడ్డు ఉంది, పార్కింగ్ నుంచి చెట్ల మధ్య దారిలో కొంచెం నడిస్తే ఇలినాయ్ మాన్యుమెంట్ వస్తుంది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అయినా నెమ్మదిగా నడిచేశారు. తెల్ల రాతి స్మారకం, యుద్ధానికి సరిగ్గా 50 ఏళ్ళకి, 1914 జూన్ 27న ఆవిష్కరించారు. అంతకుముందే 1899లో ఇక్కడ పోరాడిన ఇలినాయ్ మాజీ సైనికుడు ఒకాయన ఇక్కడి 60 ఎకరాలు కొన్నాడట, ఈ రోజు ఇంత పార్క్ ఉందంటే దానికి మొదలు అదే. తోటివాళ్ళు చచ్చిపోయిన చోటు చేతులు మారిపోకూడదని అంత దూరం నుంచి వచ్చి కొన్నాడంటే ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

అక్కడి బోర్డులు నిదానంగా చదవండి. ఇక్కడి కాన్ఫెడరేట్ కందకాల మలుపుకి డెడ్ యాంగిల్ అని పేరు. పొలం దాటి పైకి ఎగబాకిన యూనియన్ సైనికులు కందకాలు దాటలేక, వెనక్కీ పోలేక, కొన్ని గజాల దూరంలోనే మట్టి తవ్వుకుని రోజుల తరబడి అక్కడే ఉండిపోయారు, కిందనుంచి సొరంగం తవ్వి పేల్చేద్దామనుకున్నారు, ఈలోపు జూలై 2 రాత్రి జాన్‌స్టన్ సైన్యం ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఈ దాడిలో ముందుండి నడిపించిన యూనియన్ కల్నల్ డాన్ మెకుక్ ఒకప్పుడు షెర్మన్‌తో కలిసి లాయర్ ప్రాక్టీస్ చేసినవాడు, ఇక్కడ తగిలిన గాయంతోనే పోయాడు. దీనికి కొంచెం ఉత్తరంగా కాల్పులకి అడవి అంటుకుని గాయపడ్డ యూనియన్ సైనికులు మంటల్లో కాలిపోతుంటే కాన్ఫెడరేట్ల వైపు ఆర్కాన్సా దళం కల్నల్ విలియం మార్టిన్ తెల్ల రుమాలు ఊపి, వచ్చి మీవాళ్ళని తీసుకెళ్ళండి అని అరిచాడు, తన మనుషుల్ని కూడా పంపి శత్రువుల్ని మోయించాడు. అమ్మకి ఇది తెలుగులో చెప్తుంటే నా గొంతు పట్టేసింది.

బోర్డుల గురించి ఒక మాట. రోడ్డు పక్కన కనిపించే జార్జియా రాష్ట్రం వాళ్ళ పాత లోహపు మార్కర్లలో అన్నీ బ్రిగేడ్ల పేర్లే, కొత్తవాళ్ళకి ఏమీ ఎక్కదు. పార్క్ వాళ్ళు పెట్టిన బొమ్మలు, మ్యాపులు ఉన్న బోర్డులే నయం. పిల్లల్ని మట్టి గట్ల మీద ఎక్కనివ్వకండి, అవి అప్పటి కందకాలే, తొక్కితే కరిగిపోతాయి.

స్టే విషయానికొస్తే ఫ్రీవే పక్కన చెయిన్ హోటల్లో దిగాం, రేటు తక్కువే గానీ రాత్రంతా లారీల మోత, అమ్మానాన్నకి నిద్ర లేదు, బ్రేక్‌ఫాస్ట్‌లో వెజ్ వాళ్ళకి బ్రెడ్డు, పండ్లు తప్ప ఏం లేవు. నన్నడిగితే పది డాలర్లు ఎక్కువైనా దగ్గర్లోని మారియెటా ఊళ్ళో స్క్వేర్ దగ్గర చూసుకోండి, సాయంత్రం నడవడానికి బాగుంటుంది. అక్కడే నేషనల్ సెమెటరీ కూడా ఉంది, 10,000 మందికి పైగా యూనియన్ సైనికుల సమాధులు, వాటిలో పేరు తెలియనివి కూడా చాలా. స్థలం ఇచ్చిన హెన్రీ కోల్ రెండు పక్షాలవాళ్ళనీ ఒకేచోట పూడ్చమన్నాడట, ఎవరూ ఒప్పుకోలేదు, కాన్ఫెడరేట్ శ్మశానం అదే ఊళ్ళో వేరేగా ఉంది. టైం ఉంటే రెండూ చూడండి, లేదంటే కొండెక్కడం మానేసినా సరే, చీతమ్ హిల్ మాత్రం మానొద్దు.