వేట విరామమా, వలలో టెడ్ పరికరమా?

ఆంధ్ర తీరంలో సముద్ర జీవులను కాపాడే నిబంధనల్లో రెండింటి అమలు ఒకేలా లేదు: ఒకదాన్ని పాటించడం తేలిక, మరొకదాన్ని పాటించడం కష్టం. మొదటిది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటను ఆపే విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మత్స్యకారులకు స్వయంగా తెలుసు. పైగా ఆ రోజుల్లో పూట గడవడానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో రూ.20,000కు పెరిగింది. అందరి పడవలూ ఒకేసారి ఒడ్డున ఉంటాయి కనుక ఎవరు ఉల్లంఘించినా ఇట్టే కనిపిస్తుంది.

రెండోది ట్రాల్ వలలో, అంటే పడవ వెనుక ఈడ్చుకెళ్లే వలలో, తాబేళ్లు తప్పించుకునేలా అమర్చే పరికరం టెడ్. కమ్మీల చట్రానికి తగిలిన తాబేలు పైనో కిందో ఉన్న సందు గుండా బయటపడుతుంది, రొయ్యలు వలలోకి పోతాయి. అయితే వలలో పడినవాటిలో కొన్ని ఆ సందు గుండా జారిపోతాయన్న భయం మత్స్యకారులది. ఆ నష్టం టెడ్ వాడిన పడవ ఒక్కదానిదే, పైగా ఎవరు వాడుతున్నారో నడిసంద్రంలో తనిఖీ చేయడం కష్టం.

అలాగని విరామం ఒక్కటే చాలదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టడానికి తీరానికి వస్తాయి, అప్పటికి విరామం మొదలే కాదు. కాబట్టి నా దృష్టిలో టెడ్‌ను వదులుకోకూడదు. దాన్ని వాడే పడవలకు కూడా భృతి వంటి చెల్లింపును జతచేయాలి.